అబ్లేషన్ అయ్యాక మళ్లీ దడ వస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గుండె లయ తప్పినందుకు కాథెటర్ అబ్లేషన్ (గజ్జ నుంచి సన్నని తీగ గుండెలోకి పంపి దడ పుట్టించే చోటును మూసే చికిత్స) చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఎవరి కేసు కాగితాలూ మేం చూడలేదు. అందుకని మందు ఆపమనీ మోతాదు మార్చమనీ ఎవరికీ చెప్పడం లేదు. అది మీకు చికిత్స చేసిన డాక్టరుగారే చెప్పాలి.

ప్రశ్న: మా నాయనకి 62 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పైగదులు లయ తప్పి గజిబిజిగా కొట్టుకునే జబ్బు) ఆరు వారాల కిందట అబ్లేషన్ చేశారు. ఇంటికొచ్చాక మూడుసార్లు దడ వచ్చింది, ఒకసారైతే రెండు గంటలుంది. ఇదివరకు 70 ఉండే నాడి ఇప్పుడు ఊరికే కూర్చున్నా 88, 90 ఉంటోంది. అంత డబ్బు పోసి చేయించింది దండగైపోయిందని దిగులు పెట్టుకున్నాడు. నిజంగానే ఫెయిలయిందా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఆరు వారాలకే ఆ మాట అనకూడదు. ముందు ఆయనకి ఆ సంగతి చెప్పండి.

ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు గుండె ఎడమ పైగదిలో కలిసే చోట గజిబిజి కరెంటు పుడుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. అప్పటినుంచీ ఈ చికిత్స అంతా ఆ సిరల మొదళ్ల చుట్టూనే నడుస్తోంది. అక్కడి కండను వేడితోనో చలితోనో దెబ్బతీసి, కరెంటు దాటకుండా మచ్చ కట్టేలా చేస్తారు. ఆ మచ్చ గట్టిపడడానికి వారాలు పడుతుంది. అంతవరకూ అక్కడ వాపు ఉంటుంది, ఆ వాపే కొన్నాళ్లు దడ పుట్టిస్తుంది. అందుకే మొదటి రోజుల్లో వచ్చే దడను ఫలితం కింద లెక్కగట్టరు. ఈ గడువు ఇదివరకు 3 నెలలుండేది. 2024లో అంతర్జాతీయ గుండె లయ సంఘాలు దీన్ని 8 వారాలకు తగ్గించాయి. చాలామంది డాక్టర్లు ఇప్పటికీ 3 నెలలే పాటిస్తున్నారు, అందులో తప్పు లేదు. గడువు దాటాక 30 సెకన్లు, ఆపైన నడిచిన దడ ఈసీజీలో దొరికితే అప్పుడు జబ్బు తిరగబెట్టిందంటారు.

అలాగని ఈ దడల్ని గాలికి వదిలేయకండి. మొదటి వారంలో వచ్చినదానికన్నా రెండో నెల చివర్లో వచ్చేదానికి బరువెక్కువ. ప్రతిసారీ తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, నాడి ఎంత, అప్పుడేం చేస్తున్నారు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయండి. నాడిని 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు, లయ తప్పినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి.

90 సంగతికి భయపడొద్దు. గుండెకు బ్రేకు వేసే వేగస్ నరం కొసలు ఆ సిరల పక్కనే గుంపుగా ఉంటాయి. అబ్లేషన్‌లో వాటిలో కొన్ని కూడా దెబ్బతింటాయి. దాంతో విశ్రాంతిలో నాడి సాధారణంగా 10 నుంచి 15, కొందరిలో 20 దాకా పెరుగుతుంది, కొన్ని నెలలుండి చాలామందిలో మెల్లగా తగ్గుతుంది.

జాగ్రత్తగా కనిపెట్టాల్సింది మరొకటుంది. ఉన్నట్టుండి ఒక్క దెబ్బ తప్పి, తర్వాతి దెబ్బ గట్టిగా తగిలితే అది ఎక్‌టోపిక్, చాలావరకు హాని లేనిది. వేగంగా, ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం సమానంగా లేకుండా కొట్టుకుంటే ఫిబ్రిలేషన్ కావచ్చు. ఇవి రెండూ జనం పట్టుకుంటారు. పట్టుకోలేనిది మూడోది: వేగంగా, కానీ గడియారంలా సమానంగా కొట్టుకునేది. అబ్లేషన్ మచ్చ చుట్టూ కరెంటు గుండ్రంగా తిరిగే ఫ్లటర్‌లో నాడి కదలకుండా ఒకే అంకె మీద నిలబడుతుంది. కూర్చున్నా 132, పది నిమిషాలు పడుకుని చూసినా 132, లేచి నాలుగడుగులేసినా 131. మామూలు గుండె అలా ఉండదు, పడుకుంటే దిగుతుంది, నడిస్తే ఎక్కుతుంది. 120 నుంచి 150 మధ్య ఇలా అతుక్కుపోతే, సమానంగానే ఉంది కదా అని ఊరుకోకండి.

అప్పుడు చేయాల్సింది ఒకటే: దడ నడుస్తుండగానే దగ్గర్లోని ఏ ఆసుపత్రిలోనైనా 12 లీడ్ల (గుండెను 12 కోణాల్లో చూసే) ఈసీజీ తీయించండి. అబ్లేషన్ చేసిన పెద్దాసుపత్రికి పోయేలోపు దడ ఆగిపోతే కాగితం మీద ఏమీ మిగలదు. తీసిన కాగితాన్ని వెంటనే ఫోనులో ఫోటో తీసుకోండి. అది వేడి తగిలితే మారే కాగితం, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తే కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. లామినేషన్ అసలొద్దు.

దడ 24 గంటలు దాటి ఆగకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. చిన్న షాకుతో లయను దారిలో పెట్టాల్సి రావచ్చు. రక్తం పలచబడే మాత్ర ఒక్కపూట కూడా మానకుండా ఉంటేనే ఆ షాకు తొందరగా, నిశ్చింతగా ఇవ్వగలరు. స్పృహ తప్పినా, గుండెల్లో నొప్పి వచ్చినా, ఆయాసం పెరిగినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా వాచీ, నోటుపుస్తకం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఈసీజీ తీసే వాచీ కొన్నాను. ఒకసారి 'సైనస్' (మామూలు లయ) అంటుంది, ఒకసారి 'తేల్చలేకపోయాం' అంటుంది. బీపీ మెషిన్, పల్స్ ఆక్సీమీటర్ చెప్పే అంకెలు దీనితో కలవవు. దేన్ని నమ్మాలి?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: వాచీలో రెండు వేరువేరు పనులు జరుగుతాయి. వెనకవైపు పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగును చూసి నాడి లెక్కగడుతుంది. ఇది ఈసీజీ కాదు. రెండో చేతి వేలు అంచుకో బటనుకో ఆనించినప్పుడు మాత్రమే 30 సెకన్ల ఈసీజీ గీత వస్తుంది. డాక్టరుకి పనికొచ్చేది ఆ గీత. దాని మీద వాచీ చెప్పే తీర్పుకి అంత విలువ లేదు.

గీత బాగా రావాలంటే కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించండి. వాచీ పట్టీ బిగుతుగా ఉండాలి. చెమట, కొబ్బరినూనె తుడవండి. వేళ్లు మరీ పొడిబారి ఉంటే కాస్త తడి చేయండి. ఆ అర నిమిషం మాట్లాడొద్దు, ఫ్యాను గాలికి వణుకొస్తే ఆపేయండి. కండరం కదిలితే గీత నిండా చిన్నచిన్న ముళ్లు పడతాయి, వాచీ చేతులెత్తేస్తుంది. నాడి 50 లోపున్నా, 150 దాటినా కూడా చాలా వాచీలు తేల్చలేమంటాయి. అంటే దడ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే అది మీకు జవాబు చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా ఆ గీతను పీడీఎఫ్‌గా దాచి, కింద టైము, మీకేమనిపించిందో రాసి పంపండి.

'సైనస్' అని వచ్చినా పై ఉత్తరానికి రాసిన ఫ్లటర్ మాట గుర్తుంచుకోండి. దెబ్బలు సమానంగా పడుతున్నాయి కాబట్టి ఒకే లీడు మీద ఆధారపడే వాచీ మోసపోతుంది. గుండెపోటును వాచీ పట్టుకోలేదు. ఆపిల్ వాచీలో లయ తప్పితే తనంతట తాను హెచ్చరించే సదుపాయం ఇంతవరకూ ఫిబ్రిలేషన్ లేదనుకునేవాళ్ల కోసం పెట్టింది, ఇప్పటికే ఆ జబ్బున్నవాళ్ల కోసం కాదు. అందుకని అది మోగలేదు కాబట్టి బాగున్నానని అనుకోవద్దు.

ఫిబ్రిలేషన్‌లో కొన్ని దెబ్బలు బలహీనంగా పడి వేలిదాకా చేరవు. అప్పుడు గుండె 130 కొట్టుకుంటున్నా ఆక్సీమీటర్ 95 చూపించవచ్చు. బీపీ మెషిన్ కూడా ఆ సమయంలో తడబడుతుంది, రెండు నిమిషాల ఎడంతో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

రోజుకి ఇరవైసార్లు వాచీ నొక్కేవాళ్లున్నారు. అందువల్ల దిగులు పెరుగుతుంది, ఆ దిగులుకే నాడి పెరుగుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, దడ అనిపించినప్పుడు. అంతకు మించి వద్దు.

ప్రశ్న: డిశ్చార్జి కాగితం మీద 'రెండు నెలల్లోపు జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయండి, ఎండోస్కోపీ చేయించుకోవద్దు' అని ఎర్రసిరాతో రాశారు. గుండెకి చేసిన చికిత్సకీ జ్వరానికీ ఏమిటి సంబంధం?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ చూపించండి. అన్నవాహిక ఎడమ పైగదికి సరిగ్గా వెనకే ఉంటుంది, మధ్యలో కొన్ని మిల్లీమీటర్లే. వేడితో చేసిన అబ్లేషన్‌లో చాలా అరుదుగా ఆ సెగ అన్నవాహికకు తగిలి పుండు పడి, వారాల తర్వాత రెండింటి మధ్య రంధ్రం పడుతుంది. ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య బయటపడుతుంది, రెండు నెలల దాకా రావచ్చు. జ్వరం, చలి, మింగేటప్పుడు నొప్పి, గుండె వెనక నొప్పి, రక్తపు వాంతి, పక్షవాతం లాంటి లక్షణాలు వస్తాయి. అన్నీ ఒక్కసారే రావాలని లేదు, కొందరిలో జ్వరం ఒక్కటే మొదటి గుర్తు.

మన ప్రాంతంలో జ్వరమనగానే టైఫాయిడ్, డెంగీ అంటారు. మింగితే నొప్పంటే గ్యాసని ఎండోస్కోపీ రాస్తారు. ఎండోస్కోపీలో గాలి ఊదుతారు. రంధ్రం ఉంటే ఆ గాలి గుండెలోకి, అక్కణ్నుంచి మెదడుకు పోయి ప్రాణం తీస్తుంది. చేయాల్సిన పరీక్ష రంగుమందు ఎక్కించి తీసే ఛాతీ సీటీ స్కాన్. ఏ డాక్టరు దగ్గరికి పోయినా 'నాకు ఫలానా తేదీన గుండెలో అబ్లేషన్ చేశారు' అన్నది మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట కావాలి. ఈ రంధ్రం పడేది వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువమందికే. అయినా ఆలస్యమైతే బతకడం కష్టమైన చిక్కు కాబట్టే ఎర్రసిరా.

ప్రశ్న: అబ్లేషన్ అయి నాలుగు నెలలు. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ రాసే పెట్టె) మామూలుగా వచ్చింది, దడ జాడే లేదు. వయసు 68, బీపీ, షుగర్ ఉన్నాయి. రక్తం పలచబడే రివరాక్సబాన్ 20 మాత్ర ఆపేయవచ్చా? ఏకాదశి ఉపవాసం రోజున వేసుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, పలమనేరు

జవాబు: మీరుగా ఆపొద్దు. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు ఈ మాత్ర అందరికీ తప్పదు. ఆ తర్వాత ఆపాలా, కొనసాగించాలా అన్నది దడ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, పక్షవాతం ముప్పును బట్టి తేలుస్తారు. ఆ ముప్పుకి పాయింట్లు వేస్తారు: 65 దాటినందుకు ఒకటి, బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, మీ లెక్క మూడు. రెండు, ఆపైన ఉంటే మాత్ర ఉండాలనే మార్గదర్శకాలు చెబుతాయి. 2025లో కొరియాలో జరిగిన ఒక పరిశీలనలో, అబ్లేషన్ తర్వాత ఏడాదికి పైగా జబ్బు తిరగబెట్టనివాళ్లలో మాత్ర ఆపినవాళ్లకు మొత్తమ్మీద నష్టం కన్నా మేలే జరిగింది. కాబట్టి ఈ విషయంలో ఆలోచన మారుతోంది. కానీ అది ఏడాది దాటి, పదేపదే పరీక్షించి చూసినవాళ్ల మాట. నాలుగు నెలలకు, ఒక్క హోల్టర్‌కు అది వర్తించదు.

దడ తెలియడం లేదన్నది ఆధారం కాదు. ఛాతీ చర్మం కింద చిన్న రికార్డరు పెట్టి చేసిన ఒక పరిశీలనలో అబ్లేషన్‌కు ముందు తెలిసే దడ ఒకటైతే తెలియనిది దాదాపు ఒకటి ఉండేది, తర్వాత తెలిసే ఒక్కోదానికి తెలియనివి మూడున్నరకు పైగా వచ్చాయి. నరాల కొసలు దెబ్బతినడమూ, మందులు వేగాన్ని తగ్గించడమూ కారణాలు కావచ్చు. 24 గంటల హోల్టర్ అంటే ఏడాదిలో ఒక్క రోజు. ఛాతీకి అంటించి 7 లేదా 14 రోజులు ఈసీజీ రాసే ప్యాచీ పెడితే దొరికే అవకాశం చాలా ఎక్కువ. 3, 6, 12 నెలలకు చూపించుకుని, ప్రతిసారీ ఈసీజీ, మధ్యలో ఒకటో రెండో పొడుగాటి రికార్డింగులు అడగండి. మరీ తేలనివాళ్లకు ఛాతీ చర్మం కింద చిన్న లూప్ రికార్డరు పెడతారు, మూడేళ్లకు పైగా పనిచేస్తుంది.

ఉపవాసం గురించి అడిగి మంచిపని చేశారు. రివరాక్సబాన్ 20 ఖాళీ కడుపుతో వేస్తే మూడింట ఒక వంతు ఒంటికి పట్టదు. మాత్ర వేసుకునే పూట భోజనం చేయాల్సిందే. నిర్జల ఉపవాసం మీకు వద్దు. పాలు, పండ్లతో ఉండేవాళ్లు డాక్టరుతో మాట్లాడుకుని అన్నం లేకపోయినా పనిచేసే అపిక్సబాన్ లాంటిదానికి మారవచ్చు, అది రోజుకి రెండుపూటలా వేయాలి. అసిట్రామ్ (రక్తం పలచబడే పాతరకం మాత్ర) వాడేవాళ్ల సంగతి వేరు: గోంగూర, తోటకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా తినొద్దు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) ఊగుతుంది. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం ఈ మాత్రలు వాడే ఎవ్వరికీ పనికిరాదు.

ప్రశ్న: ఏడు రోజుల ప్యాచీ పెట్టారు. పుత్తూరు ఎండకి మూడో రోజుకే ఊడిపోయింది. రిపోర్టులో సగం 'పనికిరాని సిగ్నల్' అన్నారు.
– ఒక దుకాణదారు, పుత్తూరు

జవాబు: ఎండాకాలంలో ఇది ఎక్కువ. పెట్టే రోజు పొద్దున సబ్బుతో స్నానం చేసి, ఛాతీకి పౌడరు, నూనె, చందనం ఏదీ రాయకుండా రండి. అంటించే చోట వెంట్రుకలు గొరగాలి, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద అంటిస్తే రెండో రోజే అంచు లేస్తుంది. అంటించాక ఒక నిమిషం అరచేతితో నొక్కి పట్టమనండి, శరీరం వెచ్చదనానికి జిగురు పట్టుకుంటుంది. మొదటి 24 గంటలు చెమటపట్టే పని, తలస్నానం వద్దు. తర్వాత నీళ్లు వీపు మీద పోసుకోండి, ప్యాచీని రుద్దొద్దు. అంచు లేస్తే గుడ్డ టేపు అంచు మీద మాత్రమే వేయండి, మధ్యలోని బటన్ మూయకండి. మధ్యాహ్నం దుకాణంలో పలచటి నూలు బనియన్ వేసుకోండి.

ప్యాచీ కన్నా డైరీ ముఖ్యం. దడ అనిపించగానే బటన్ నొక్కి టైము రాయకపోతే, గీతలో కనిపించిన ఎక్‌టోపిక్‌కీ మీ బాధకీ లంకె ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. బటన్ నొక్కినప్పుడు గీత మామూలుగా ఉంటే అదీ విలువైన సమాచారమే, ఆ బాధ లయది కాదని తేలుతుంది.

ప్రశ్న: అబ్లేషన్ మంచిగా జరిగితే అలిపిరి మెట్లెక్కి తలనీలాలు ఇస్తానని మా యమ్మ మొక్కుకుంది. వయసు 59. ఎప్పుడు ఎక్కవచ్చు? రక్తం పలచబడే మాత్ర వేసుకుంటూ గుండు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మొదటి వారం గజ్జలో సూది గుచ్చిన చోటు మానాలి. 5 కిలోల పైన ఎత్తడం, గొంతుక్కూర్చోవడం, కింద కూర్చునే మరుగుదొడ్డి మానేయాలి. అక్కడ రక్తం కారినా, ఉబ్బినా వెల్లకిలా పడుకోబెట్టి అరచేతితో 10, 15 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి, ఆగకపోతే 108. కొన్నాళ్ల తర్వాత కూడా అక్కడ తాకితే కొట్టుకునే గడ్డ ఉంటే డాప్లర్ స్కాన్ తీయించాలి.

మెట్లకు మా సలహా: 3 నెలల పరీక్షలో ఈసీజీ, ఎకో బాగున్నాయని డాక్టరు చెప్పాక. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్లు తక్కువని శ్రీవారి మెట్టు ఎంచుకోకండి, అది తక్కువ దూరంలో నిటారుగా ఎక్కుతుంది. అలిపిరిలో గాలిగోపురం దాకా ఎక్కుడు ఎక్కువ, తర్వాత చాలాదూరం నడకే, చివర్లో మోకాళ్ల మెట్టు మళ్లీ కష్టం. ముందు నెల రోజులు చదును నేల మీద 40 నిమిషాలు ఆగకుండా నడవగలిగితేనే ఆలోచించండి. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోవాలి. ప్రతి 100 మెట్లకు కూర్చోవాలి. 10 నిమిషాలు కూర్చున్నా నాడి దిగకపోతే, లయ తప్పితే, కళ్లు తిరిగితే ఇక పైకి వద్దు. ఎండెక్కకముందే బయల్దేరండి, మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీ కౌంటర్లో ఇచ్చే సంచిలో పెట్టొద్దు. బస్సులో పోయి తలనీలాలు మాత్రం ఇచ్చినా మొక్కు తీరినట్టేనని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే, మాకు అదే ఇష్టం.

గుండుకోసం మాత్ర ఆపకండి. తలమీద చిన్న గాటుతో వచ్చే నష్టం కన్నా మాత్ర మానితే వచ్చే పక్షవాతం నష్టం ఎన్నో రెట్లు పెద్దది. రోజుకి రెండుపూటలా వేసుకునే మాత్రయితే తర్వాతి మోతాదు వేసుకునే ముందు చేయించుకుంటే మందు ప్రభావం తక్కువగా ఉంటుంది. కల్యాణకట్టలో కూర్చోగానే రక్తం పలచబడే మాత్ర వాడుతున్నామని చెప్పండి, కొత్త బ్లేడుతో నెమ్మదిగా చేస్తారు. తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా నొక్కి పట్టాలి. అసిట్రామ్ వాడేవాళ్లు ఆ వారంలో ఐఎన్ఆర్ చూయించుకుని, 3 దాటి ఉంటే వాయిదా వేసుకోవాలి.

ప్రశ్న: కాఫీ మానాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తాగితే దడ వస్తోందని మీకు స్పష్టంగా తెలిస్తే తప్ప అక్కర్లేదు. మానాల్సింది మద్యం, సిగరెట్టు. గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే నిద్ర పరీక్ష చేయించుకోండి. దాన్ని వదిలేస్తే ఎంత బాగా చేసిన అబ్లేషన్ అయినా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. లావుగా ఉంటే బరువు పదోవంతు తగ్గడం కూడా దడ తిరగబెట్టకుండా సాయపడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 24. ఏవీఎన్ఆర్‌టీ అని వేలూరులో అబ్లేషన్ చేయించాం. జీవితాంతం ఇలా పరీక్షలు చేయిస్తూనే ఉండాలా?
– ఒక తల్లి, కుప్పం

జవాబు: లేదమ్మా. ఇది పై ఉత్తరాల్లోని జబ్బు కాదు. గుండెలో పుట్టుకతో ఉన్న అదనపు దారిలో కరెంటు గుండ్రంగా తిరగడం వల్ల వచ్చే దడ, ఆ దారిని ఒకచోట మూసేశారు, నూటికి 95 మందికి పైగా దీంతో నయమవుతుంది. సాధారణంగా రక్తం పలచబడే మాత్ర దీర్ఘకాలం అక్కర్లేదు. కొన్ని వారాలు ఎక్‌టోపిక్‌లు, 'ఇప్పుడు మొదలవుతుందేమో' అనిపించి ఆగిపోవడం ఉంటాయి. తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అప్పుడొక ఈసీజీ చూసి బాగుంటే తర్వాత బాధ వస్తేనే రమ్మంటారు.

స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై, 150 నుంచి 220 మధ్య సమానంగా కొట్టుకుని, ఒక్కసారిగా ఆగితే అది పాతదే అని అనుమానించాలి. అప్పుడు సగం కూర్చున్నట్టుగా ఆనించి, 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజీలో ముల్లు తీసేసి, లోపలి పిస్టన్ కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదమనండి. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకోండి. ఇలా చేస్తే పదిలో నలుగురికి దడ ఆగుతుంది, ఊరికే ఊదితే ఇద్దరికి కూడా ఆగదు. ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి దడ ఉండగానే ఈసీజీ తీయించండి. నాడి 40కి పడిపోయినా, స్పృహ తప్పినా మాత్రం ఏ చిట్కాలూ వద్దు. ఆ దారి పక్కనే ఉండే గుండె అసలు తీగ దెబ్బతిని ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రిలో చూపించాలి, స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితంతో పాటు అబ్లేషన్‌కు ముందు దడలో తీసిన పాత ఈసీజీ కూడా తీసుకెళ్లండి. కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూస్తే అదే దడో వేరేదో డాక్టరుకి చాలావరకు తెలుస్తుంది.